చుక్కగేదె మెడ మీద వాపు

మా అక్క పాలు పితుకుతుంటే చూసినవాళ్లెవరూ ఆవిడ ఊపిరితిత్తుల్లో జబ్బు ఉందని అనుకోరు. మడమల మీద కూర్చుని, నుదురు గేదె డొక్కకి ఆనించి, కదలకుండా పితికేది. చెంబులో ధార పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. దగ్గితే గేదె బెదిరి పాలు ఎగబెడుతుందని, అంతసేపూ దగ్గుని గొంతులోనే నొక్కిపెట్టుకునేదట. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా, బావ చెబితే తెలిసింది.

అక్కావాళ్లది దివిసీమలో, అవనిగడ్డకీ కోడూరుకీ మధ్య కాలువ పక్కన చిన్న ఊరు. బావ నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. కోతలకి ముందు చేలో పిల్లిపెసర చల్లేవాడు. వరి ఇంటికొచ్చాక అదే గేదెలకి మేత. రెండు గేదెలుండేవి. పెద్దదానికి నుదుట తెల్లటి చుక్క, అందుకని చుక్కగేదె అనేవాళ్లు. రెండోది దాని పెయ్యే, ఇంట్లో పుట్టి పెరిగింది. అక్క ఊళ్లో ఆరిళ్లకి పాలు వాడుకగా పోసి, మిగిలినవి పాలకేంద్రానికి పంపేది. వాళ్లకి ఒక్కతే కూతురు. బందరులో ఇచ్చారు.

నేను పశువుల ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్లు అసిస్టెంటుగా చేశాను. కాపురం గుడివాడలో, డ్యూటీ పామర్రు, ఘంటసాల వైపు ఊళ్లలో. టీకాలు వెయ్యటం, జ్వరానికి సూదిమందు చెయ్యటం, ఈత కష్టమైతే దూడని లాగటం నా పని. చదువు ప్రకారం నేను డాక్టర్ని కాను. కానీ ఊళ్లలో అందరూ డాక్టరుగారనే పిలిచేవాళ్లు. మొదట్లో ‘నేను డాక్టర్ని కాదండీ’ అనేవాణ్ణి. కొన్నాళ్లకి అనటం మానేశాను. అక్క విషయంలో నేను చేసిందంతా ఆ పిలుపుకి అలవాటుపడ్డాక చేసిందే.

ఉద్యోగం ఇంకా రెండేళ్లుందనగా, ఒక చలికాలం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. అక్క వంటింటి దగ్గర్నుంచి పశువుల కొట్టం దాకా కుడితి బకెట్టు మోసుకెళ్తోంది. పాతిక అడుగులుండవు. మధ్యలో రెండుసార్లు కిందపెట్టింది.

“ఏంటక్కా అది?” అన్నాను.

“ఏం లేదురా. పొద్దున్నే కాస్త ఆయాసం. ఎండెక్కితే సర్దుకుంటది.”

దగ్గరికి వెళ్లి చూస్తే జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. అసలే పొడుగ్గా, సన్నగా ఉండే మనిషి. ఇప్పుడు మెడ దగ్గర గుంటలు పడ్డాయి. బావ అరుగు మీద కూర్చునే చెప్పాడు. “మూడు నెలలబట్టీ దగ్గు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడతది. ఆసుపత్రికి పోదామంటే పాలెవరు పిండుతారంటది.”

ఆ మర్నాడే బందరు తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. కళ్లెలో క్రిములు కనిపించాయన్నారు. డాక్టరుగారు తాపీగానే చెప్పారు, “టీబీ అండీ. ఆరు నెలలు మానకుండా మందులు వాడితే పోతుంది.” అక్క తలూపింది. నేనూ ఊపాను. ఆ పరీక్షలో టీబీ క్రిమికీ, దాని జాతికే చెందిన వేరే క్రిములకీ తేడా కనపడదని అప్పుడు నాకు తెలియదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోపిదేవి దాటాక అడిగింది.

“ఊళ్లో చెప్పాలంటావా?”

“పాలు పోసే ఇళ్లకి చెప్పాలక్కా. రేపు తెలిస్తే బాగోదు.”

“నువ్వు చెప్పమంటే చెప్తా.”

నేనే చెప్పాను. ఆరిళ్లకీ వెళ్లి, పాలు బాగా కాచుకుని తాగండి, భయం లేదన్నాను. మర్నాటి నుంచి నాలుగిళ్లవాళ్లు చెంబు పంపలేదు. ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. కంచం వేరు, గ్లాసు వేరు, మంచం పెరటి వసారాలో. మందులు మొదలైన కొద్ది వారాలకే టీబీ ఎదుటివాళ్లకి అంటటం బాగా తగ్గిపోతుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఆ మాట మాత్రం నేను ఇంట్లో చెప్పలేదు. జాగ్రత్త ఎక్కువైతే నష్టమేముందనుకున్నాను. అక్క అన్నీ పాటించింది. తన కంచం తనే తోముకుని, వసారాలో మేకుకి సంచీ తగిలించి అందులో పెట్టుకునేది. బావ దగ్గరగా వచ్చి కూర్చుంటే, “తమ్ముడు దూరంగా ఉండమన్నాడు” అనేది.

ఆరు నెలలయ్యాయి. దగ్గు తగ్గలేదు. మళ్లీ పరీక్ష చేస్తే కళ్లెలో క్రిములున్నాయి. కొత్త మిషను మీద ఇంకో పరీక్ష చేయించారు. దాంట్లో టీబీ లేదని వచ్చింది. శాంపిల్ సరిగ్గా పడి ఉండదన్నారు. మందులు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒక పరీక్ష ఉందని, ఇంకోటి లేదని ఎందుకొచ్చిందో నేనూ అడగలేదు.

ఆ రోజుల్లోనే మేనకోడలికి నెల తప్పింది. మొదటి కాన్పు. పుట్టింట్లో జరగాలి. అక్క ఆ సంగతి వినగానే పాత నూలు చీరలు ఏరి, ఉతికి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలకి చింపటం మొదలుపెట్టింది. నాకు మాత్రం రోజూ ఒకటే ఆలోచన. మందులు వాడుతున్నా జబ్బు ఎందుకు పోవటం లేదు? ఎక్కడి నుంచైనా మళ్లీ మళ్లీ లోపలికి పోతోందా?

అప్పుడు గుర్తొచ్చింది. అక్కకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. పితికిన వెంటనే గోరువెచ్చటి పచ్చిపాలు ఒక గుక్క తాగేది. పశువులకీ టీబీ ఉంటుందని, పచ్చిపాలతో మనిషికి వస్తుందని ట్రైనింగులో చదువుకున్నాను. నాకు దారి దొరికినట్టయింది. ఇంతమంది డాక్టర్లకి తట్టనిది నాకు తట్టిందనుకున్నాను కూడా.

మా ఆసుపత్రిలో అప్పుడు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉండేది. మా అమ్మాయి వయసు. నెమ్మదిగా మాట్లాడేది. సంగతి చెబితే పరీక్ష మందు తెప్పించి, తనే నాతో దివిసీమ వచ్చింది. గేదె మెడ మీద అరచెయ్యంత మేర వెంట్రుకలు గొరిగి, అక్కడి తోలు మందం కొలిచి, చర్మంలోకి చుక్కంత మందు ఎక్కించింది. మూడో రోజున వాపు ఉందో లేదో చూడాలి. వాపు పెద్దగా ఉంటే ఒంట్లో క్రిమి ఉందని అనుమానం. రెండు గేదెలకీ చేసింది. అక్క తలుపు దగ్గరే నిలబడి, “నొప్పెడతదా అమ్మా?” అని అడిగింది.

“లేదండీ. చీమ కుట్టినంతే.”

మూడో రోజు వెళ్లేసరికి పెయ్య మెడ నున్నగా ఉంది. చుక్కగేదె మెడ మీద పెద్ద ఉసిరికాయంత వాపు. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచింది. తరవాత నన్ను కాలువ గట్టు మీదికి తీసుకెళ్లి చెప్పింది.

“అనుమానించాల్సిన వాపే. కానీ ఇప్పుడే టీబీ అనొద్దండీ. మట్టిలో, నీళ్లలో టీబీకి చుట్టాల్లాంటి క్రిములు చాలా ఉంటాయి. అవి ఒంట్లోకి పోయిన పశువుకి కూడా ఇలా వాస్తుంది. రెండు నెలలాగి మళ్లీ చేద్దాం. ఈసారి టీబీకి ఒకటి, ఆ చుట్టాలకి ఒకటి, రెండు రకాల మందు పక్కపక్కన వేద్దాం. ఏ పక్క ఎక్కువ వాస్తే దాన్నిబట్టి తేలుతుంది. అప్పటిదాకా విడిగా కట్టేసి, పాలు వాడకుండా ఉంటే చాలు.”

“అలాగేనండీ,” అన్నాను.

ఆవిడ బండి ఎక్కి వెళ్లిపోయింది. నేను బావ దగ్గరికి వెళ్లి, గేదెని తీసెయ్యాలని చెప్పాను.

బావ ఆ గట్టు కిందే గడ్డి కోస్తున్నాడు. కొడవలి పక్కన పెట్టాడు. “అది చూడిదిరా. అయిదో నెల.”

“తెలుసు బావా.”

“ఆవిడేదో రెండు నెలలు ఆగమన్నట్టుందే?”

“ఆవిడ చిన్నపిల్ల బావా. పుస్తకంలో ఉన్నది చెప్తది. నేను ముప్ఫయ్యేళ్లు పశువుల్ని చూశాను. ఇంట్లో ఇది ఉన్నన్నాళ్లూ అక్కకి తగ్గదు. రేపు అమ్మాయి పురిటికొస్తే, పసిగుడ్డు తిరిగే ఇల్లు.”

అక్క మా వెనకే నిలబడి ఉందని అప్పుడు చూశాను. “ఇది పోతే అమ్మాయిని ఇక్కడికి తీసుకొస్తావా?” అంది.

“ముందు ఇది పోనీ అక్కా. చూద్దాం.”

ఆవిడ దాన్ని ‘తీసుకొస్తాను’ అనే అర్థం చేసుకుంది. అలా అర్థమయ్యేటట్టే నేను అన్నాను.

సంత వ్యాపారి ఒకతన్ని నేనే మాట్లాడాను. పాడికి ఎవరికీ అమ్మొద్దని, కోతకే పంపమని చెప్పాను. అతను వారం తిరక్కుండానే చిన్న లారీ తెచ్చాడు. వెనక తలుపు దించి, చెక్క వేశారు. చుక్కగేదె చెక్క మీద కాలు పెట్టదు. ఇద్దరు మనుషులు ముందు నుంచి పలుపు లాగారు, ఒకడు వెనక నుంచి తోక మెలిపెట్టాడు. అది రంకెలు వేస్తూ, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి అలాగే నిలబడింది. కర్ర తీశారు.

“కొట్టొద్దు,” అంది అక్క.

లోపలి నుంచి వచ్చి పలుపు వాళ్ల చేతుల్లోంచి తీసుకుంది. తనే చెక్క మీదుగా లారీలోకి ఎక్కింది. దాన్ని పిలవలేదు. వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. గేదె ఒకసారి చెక్కని వాసన చూసి, ఆవిడ వెనకే ఎక్కేసింది. అక్క పలుపు లోపల కడ్డీకి కట్టి, గేదె పొట్టకీ లారీ గోడకీ మధ్య సందులోంచి పక్కకి జరుగుతూ బయటికొచ్చింది. దిగేటప్పుడు నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు. లారీ కాలువ వంతెన దాటేదాకా అక్కడే నిలబడింది. ఆ తరవాత కొట్టంలోకి వెళ్లి దగ్గటం మొదలుపెట్టింది. ఆ దగ్గు ఆగేదాకా బావ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మూడు వారాలకి మళ్లీ కళ్లె పరీక్ష చేయించాను. క్రిములున్నాయి. అమ్మాయికి తొమ్మిదో నెల వస్తోంది. నేను దివిసీమ వెళ్లి, పురుడు గుడివాడలో మా ఇంట్లో పోస్తామని చెప్పాను.

అక్క అరుగు మీద కూర్చుని ఉంది. “గేదె పోతే తీసుకొస్తానన్నావుగా,” అంది.

“నీకింకా తగ్గలేదక్కా. పసిబిడ్డ. రిస్కు తీసుకోకూడదు.”

“సరే.”

లేచి వెళ్లి మడతపెట్టిన పొత్తిగుడ్డల మూట తెచ్చి నా చేతికిచ్చింది. బాలింతకి పెట్టే కాయం కూడా చిన్న సీసాలో పెట్టి ఇచ్చింది. ఇంటికి వచ్చాక ఆ గుడ్డలు వాడొద్దని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నా మాట వినలేదు. సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, పుట్టిన పిల్లని వాటిలోనే చుట్టింది. “ఆవిడ చెయ్యి తగిలింది ఇదొక్కటే. ఇది కూడా వద్దంటే ఎట్టాగండీ,” అంది. మా ఇంట్లో బుద్ధి పెట్టి ఆలోచించింది మా ఆవిడొక్కతే.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేశాం. అక్కా బావా బస్సులో వచ్చారు. నేను ముందుగానే వరండా చివర, గేటు దగ్గర కుర్చీ వేసి ఉంచాను. అక్క దాన్ని చూసి, ఎవరూ చెప్పకుండానే అందులో కూర్చుంది. ముక్కూ నోరూ మూసేలా కొంగు బిగించుకుంది. అమ్మాయి పిల్లని ఎత్తుకుని కిటికీ ఊచల దగ్గరికి వచ్చింది.

“అమ్మా, చూడు. ముక్కు నీదే.”

“ఏదీ, కాస్త ఇటు తిప్పు,” అంది అక్క కుర్చీలోంచే. చూసింది. “నా ముక్కు ఎందుకే, పొడుగు. మీ ఆయన ముక్కొస్తే బాగుండేది.”

అమ్మాయి నవ్వబోయి ఏడ్చింది. “మావయ్యా, ఒక్కసారి వాకిట్లోకి తీసుకెళ్లనా? బయటే కదా, గాలి ఆడతది.”

నేను వద్దన్నాను. అక్కే అందుకుంది, “వద్దమ్మా. మావయ్య చెప్పాడుగా.”

భోజనం విస్తరాకులో అక్కడే పెట్టాం. మంచినీళ్లు స్టీలు గ్లాసులో ఇచ్చింది మా ఆవిడ. వెళ్లేటప్పుడు ఆ గ్లాసు అక్క తన సంచీలో పెట్టుకుంది. “మళ్లీ మీరెవరు కడుగుతారు. కొత్తది కొనుక్కోండి,” అంది మా ఆవిడతో. మా ఆవిడ లోపలికి వచ్చి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

పిల్లకి నాలుగో నెలలో అక్క కళ్లెలో రక్తం పడింది. బావ ఫోను చేస్తే వెళ్లి, ఈసారి విజయవాడ తీసుకెళ్లాం. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు నడివయసాయన. పాత కాగితాలన్నీ వరసగా బల్ల మీద పరిచి, ఒకటికి రెండుసార్లు చూశారు. చిన్నప్పుడు న్యుమోనియా లాంటిదేమైనా వచ్చిందా అని అక్కని అడిగారు. నాలుగో ఏట కోరింత దగ్గు వచ్చి చావు తప్పిందని అమ్మ చెప్పేది. ఆ మాట చెప్పాను. “క్రిమిని పెంచి చూద్దామండీ. టైము పడుతుంది,” అన్నారు. కళ్లె పెద్ద ల్యాబుకి పంపారు. రిపోర్టు వచ్చేసరికి నెలన్నర పట్టింది.

ముగ్గురం వెళ్లాం. డాక్టరుగారు అక్క వైపు తిరిగే చెప్పారు. అది నాకు బాగా గుర్తుంది.

“అమ్మా, మీది టీబీ కాదు. దాని జాతిదే, వేరే క్రిమి. మట్టిలో ఉంటుంది, కాలువ నీళ్లలో ఉంటుంది, కుళాయి గొట్టాల్లో కూడా ఉంటుంది. రోజూ అందరి ఒంట్లోకీ పోతూనే ఉంటుంది, ఎవరినీ ఏమీ చెయ్యదు. మీ ఊపిరితిత్తులకి చిన్నప్పటి దెబ్బ ఉంది. అందుకని అక్కడ కాపురం పెట్టింది. టీబీ మందులకి ఇది సరిగ్గా లొంగదు.”

“ఇది ఇంకోళ్లకి అంటతదాండీ?” అంది అక్క.

“మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటుకోదమ్మా.”

“పసిపిల్లలకి?”

“మీ దగ్గర్నుంచి అంటదు.”

అక్క అంతసేపూ నోటికి అడ్డం పట్టుకున్న కొంగుని కిందికి దించింది. దించి, మళ్లీ అలవాటు కొద్దీ పైకి తీసుకుంది. ఆ గదిలో నేనొక్క మాటే అడిగాను, గేదెల నుంచి వచ్చి ఉంటుందా అని. ఆయన భుజాలెగరేశారు. “గేదెల సంగతి నాకు తెలియదండీ. కానీ ఈ జబ్బుకి గేదె దాకా వెళ్లక్కర్లేదు. మీ నేలా, మీ నీళ్లూ చాలు.”

బయట మందుల షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాం. బావ మందులు తేవటానికి వెళ్లాడు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“అయితే పిల్లని ఎత్తుకోవచ్చన్నమాట,” అంది.

“ఎత్తుకోవచ్చక్కా.”

“అప్పుడూ ఎత్తుకోవచ్చా?”

తలూపాను. “గేదెకి కూడా ఏమీ లేదేమో,” అంది.

“చెప్పలేం అక్కా. ఉండొచ్చు కూడా.”

అబద్ధం కాదది. నిజంగానే చెప్పలేం. కానీ ఆ నిజాన్ని నేను అడ్డం పెట్టుకున్నాను. అక్క నా మొహంలోకి ఒకసారి చూసి, బావ వస్తున్నాడేమోనని షాపు వైపు తిరిగింది.

తరవాతి వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆగమన్నాను కదండీ అని ఆవిడ ఒక్క మాట అంటే బాగుండేది. అనలేదు. సెలవు రోజు చూసుకుని అక్కావాళ్ల ఊరు వచ్చి, అదే కాలువలో పొర్లాడే గేదెలు ఏడింటికి రెండు రకాల మందూ పక్కపక్కన వేసింది. మూడో రోజు చూస్తే మూడింటికి వాపులున్నాయి. మూడింటికీ టీబీ పక్కన కంటే రెండో పక్కనే ఎక్కువ వాచింది. “ఈ మట్టిలో ఉన్నవే పట్టాయండీ వీటికి. ఇవి టీబీ గేదెలు కావు,” అంది. “మరి మాది?” అన్నాను. “అది లేదు కదండీ చూడ్డానికి,” అంది.

ఈ సంగతి అక్కకి చెప్పటానికి నాకు పది రోజులు పట్టింది. చెప్పాను. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. “పొట్టలో దూడ తిరుగుతుండేది,” అంది. “పాలు పిండేటప్పుడు నుదుటికి తగిలేది.” నాకు టీ పెట్టి ఇచ్చింది.

కొత్త మందులు వారానికి మూడు రోజులు, కనీసం ఏడాదిన్నర వాడాలన్నారు. మొదట్లో వాంతులు, నోరంతా చేదు. అయినా రెండో నెలకి సాయంత్రం జ్వరం పోయింది. నాలుగో నెలకి అన్నం సయించింది. అమ్మాయి పిల్లని తీసుకుని దివిసీమ వచ్చి నెలరోజులుంది. ఆ పిల్లకి అప్పటికి మనుషులు తెలుస్తున్నారు. అమ్మమ్మని కొత్తమనిషని చూసి గుక్కపట్టి ఏడ్చింది. మా ఆవిడ దగ్గరికి మాత్రం రెండు చేతులూ చాపి వచ్చేది. అక్క తొందరపడలేదు. పిల్ల ఆడుకునే చాప పక్కన కూర్చుని, చింతగింజలు గిన్నెలో వేస్తూ తీస్తూ ఉండేది. మూడో రోజో నాలుగో రోజో పిల్ల పాక్కుంటూ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టింది. పదో రోజుకి ఆవిడ భుజం మీద నిద్రపోయింది. నేను వెళ్లేసరికి అక్క వీధి వసారాలో గోడకి ఆనుకుని, చెయ్యి తిమ్మిరెక్కినా కదలకుండా కూర్చుని ఉంది. చప్పుడు చెయ్యొద్దని నాకు సైగ చేసింది. ఆ నెల ఆవిడ ఒళ్లు చేసింది కూడా.

తొమ్మిదో నెలలో ఒకరోజు బావతో, “మిరపకాయలు ఈసారి ఇంత నల్లగా తెచ్చావేంటి?” అందట. అవి ఎర్రగానే ఉన్నాయి. ఆ మందుల్లో ఒకటి కంటి నరాన్ని దెబ్బతీస్తుందని, రంగులు మాసినట్టు కనిపిస్తే వెంటనే చెప్పాలని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. తీసుకెళ్తే ఆ మందు ఆపేశారు. చూపు కొంత తిరిగొచ్చింది. బదులు ఇచ్చిన మందు కడుపుకి పడలేదు. వర్షాలు మొదలయ్యాక దగ్గు మళ్లీ ముదిరింది. ముందు రెండేళ్లు ఈ జబ్బుకి పనికిరాని మందులతో గడిచిపోయాయి, అప్పటికే ఊపిరితిత్తులు చాలా పాడయ్యాయి, ముందే తెలిసుంటే వేరుగా ఉండేదేమో అన్నారు డాక్టరుగారు. ‘ఏమో’ అనే అన్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతుంటాను.

రెండోసారి రక్తం పడ్డప్పుడు విజయవాడ తీసుకెళ్లేలోగా, ఉయ్యూరు దగ్గర కారులోనే పోయింది. తల అమ్మాయి ఒళ్లో ఉంది. నేను ముందు సీట్లో ఉన్నాను. “మావయ్యా, అమ్మ బరువుగా అయిపోయింది,” అంది అమ్మాయి. డ్రైవరు కారు పక్కకి తీసి ఆపాడు. ఎవరం దిగలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. టెంటు తాలూకు కుర్చీలు తీసుకెళ్లటానికి ఆటో రావాల్సి ఉంది. బావ, నేను వాటిని ఒకదాంట్లో ఒకటి దొంతర పెడుతున్నాం. నాలో చాలా రోజులుగా ఉన్న మాట అప్పుడు వచ్చేసింది.

“బావా, అక్క నా గురించి ఏమైనా అనేదా?”

బావ చేతిలో కుర్చీ దొంతరలో పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

“లేదురా. ఒక్కరోజు కూడా అనలేదు. తమ్ముడు మన మంచికే చేశాడనేది.”

నేను తల దించుకున్నాను. ఆయన ఇంకో కుర్చీ తీసుకున్నాడు.

“ఆవిడ అనలేదు,” అన్నాడు మళ్లీ. “నేననుకున్నాను. ఆ లారీ పోయిన రోజు అనుకున్నాను. పిల్లని ఊచల్లోంచి చూపించిన రోజు అనుకున్నాను. ఇప్పుడు కూడా అప్పుడప్పుడు అనుకుంటా. నీకు చెప్పకుండా దాచుకుంటే మనిద్దరి మధ్యా అది అట్టాగే ఉంటది. అందుకని చెప్తున్నా.”

“నిజమే బావా,” అన్నాను.

ఆటో వచ్చింది. ఇద్దరం కలిసి కుర్చీలు ఎక్కించాం. ఆటో అతను తాళ్లు కట్టుకుని వెళ్లాక బావ గాబు దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. నాకూ చెంబుతో నీళ్లు పోశాడు.

“ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. పొద్దున్నుంచీ ఏం తిన్లేదు నువ్వు,” అన్నాడు. “రా, కాస్త ఎంగిలిపడి వెళ్దువుగాని.”

లోపలికి వెళ్లి రెండు పీటలు వేశాడు.